డయాలసిస్ చేతికి కవర్డ్ స్టెంట్: ఎప్పుడు వేయించుకోవాలి, ఎక్కడ వద్దనాలి

డయాలసిస్ పూర్తయి సూదులు తీశాక గాజుగుడ్డ పెట్టి పది నిమిషాలు నొక్కితే ఆగిపోయే రక్తం, వరుసగా రెండు మూడు సార్ల నుంచి అరగంటైనా ఆగడం లేదంటే, చాలామంది రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మందు ఎక్కువైందేమో అనుకుని ఊరుకుంటారు. కొన్నిసార్లు అది నిజమే. అయితే సూది గుచ్చిన చోటికీ భుజానికీ మధ్య ఎక్కడో సిర ఇరుకైపోయి, ముందుకు పోవలసిన రక్తం వెనక్కి తన్నడం వల్ల కూడా సరిగ్గా ఇలాగే జరుగుతుంది. ఆ ఇరుకును సిర లోపల ఉబ్బించే బెలూన్‌తో తెరిచినా కొన్ని వారాలకో నెలలకో మళ్లీ మూసుకుపోతున్నవారికి వైద్యులు సూచించే సాధనాలలో కవర్డ్ స్టెంట్, అంటే సిరను తెరిచి ఉంచే తొడుగున్న జాలీ గొట్టం, ఒకటి. దాన్ని ఎప్పుడు ఒప్పుకోవాలి, ఎక్కడ వేస్తామంటే మరోసారి ఆలోచించమని అడగాలి, వేయించుకున్నాక చేతిని ఎలా చూసుకోవాలి అన్నవి డయాలసిస్ కోసం చేతిలో ఫిస్టులా లేదా గ్రాఫ్ట్ ఉన్నవారికీ, వారి వెంట వచ్చే కుటుంబ సభ్యులకూ, రోజూ సూదులు గుచ్చే టెక్నీషియన్లకూ తెలిసి ఉండాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇరుకు ఎందుకు వస్తుంది

సిర అనేది తక్కువ ఒత్తిడితో, మెల్లగా పారే రక్తం కోసం ఏర్పడిన పలుచని గొట్టం. ఫిస్టులాలో ఆ సిరను తెచ్చి ధమనికి కలుపుతారు. 1966లో అమెరికా వైద్యులు బ్రెషియా, సిమినో తమ సహచరులతో కలిసి ప్రచురించిన ఈ పద్ధతే ఇప్పటికీ డయాలసిస్‌కు మొదటి ఎంపికగా నిలిచి ఉంది. సిరలు సన్నగా ఉన్నవారికి, ధమనికీ సిరకూ మధ్య పీటీఎఫ్ఈ అనే కృత్రిమ పదార్థంతో చేసిన గొట్టాన్ని చర్మం కింద అమరుస్తారు. దాన్నే గ్రాఫ్ట్ అంటారు. రెండింటిలోనూ ధమని వేగంతో వచ్చి పడే రక్తం సిర గోడను నిరంతరం ఒరుసుకుంటూ పోతుంది. ఆ ఒరిపిడికి తట్టుకునే ప్రయత్నంలో సిర లోపలి పొర కొన్నిచోట్ల దళసరిగా పెరిగి దారిని మూసేస్తుంది. గ్రాఫ్ట్ సిరతో కలిసే చోట, మోచేతి దగ్గర పెట్టిన ఫిస్టులాలో సిర భుజం ముందు భాగాన వంపు తిరిగి లోతుకు దిగే చోట, ఇదివరలో డయాలసిస్ కోసం పైపు వేసి ఉంచిన మెడ, ఛాతీ సిరల్లో ఇది ఎక్కువ. పేస్‌మేకర్ తీగ ఉన్న వైపున ఫిస్టులా పెట్టినప్పుడు కూడా ఛాతీ సిర ఇరుకయ్యే ప్రమాదం ఉంది.

చేత్తో కనిపెట్టడం

ఏ యంత్రమూ లేకుండా ఇంట్లోనే చేసుకోగలిగిన పరీక్ష ఇది. రోజూ ఉదయం ఒకే వేళకు చేసుకుంటే మార్పు త్వరగా తెలుస్తుంది. ఆపరేషన్ మచ్చ దగ్గర మూడు వేళ్లు తేలికగా ఆనించండి. ఆరోగ్యంగా ఉన్న ఫిస్టులా మెత్తగా, నొక్కితే లొంగేలా ఉంటుంది. వేళ్ల కింద పిల్లి గురగురలాంటి అదురు ఆగకుండా తెలుస్తుంది. దీన్నే డయాలసిస్ యూనిట్లలో థ్రిల్ అంటారు. పైన, భుజం వైపున ఇరుకు ఏర్పడితే ఆ అదురు తగ్గి, దాని స్థానంలో సమ్మెటతో కొట్టినట్టు నాడి ఎగిరెగిరి తగులుతుంది. సిర బిర్రుగా గట్టిపడుతుంది. చెవి ఆనించినా, స్టెతస్కోపు పెట్టినా మామూలుగా వినిపించే నిరంతరమైన హోరుకు బదులు, గుండె కొట్టుకున్నప్పుడు మాత్రమే వచ్చే సన్నని ఈల వినిపిస్తుంది.

తర్వాత చేతిని తలకంటే ఎత్తుకు లేపి చూడండి. ఫిస్టులా సిర మొత్తం చప్పబడిపోతే దారి బాగానే ఉన్నట్టు. కొంత దూరం వరకు ఉబ్బి ఉండి, ఒక చోటి నుంచి పైకి మాత్రమే చప్పబడితే, ఆ రెండింటి సరిహద్దులోనే ఇరుకు ఉన్నట్టు అనుమానించాలి. గ్రాఫ్ట్ ఉన్నవారికి ఈ రెండో పరీక్ష పనికిరాదు, ఎందుకంటే కృత్రిమ గొట్టం ఎలాగూ చప్పబడదు.

యూనిట్‌లో కనిపించే గుర్తులు వేరు. ఒకే సైజు సూదితో, ఒకే పంపు వేగంతో చేస్తున్నా వీనస్ ప్రెషర్ (రక్తాన్ని తిరిగి చేతిలోకి పంపేటప్పుడు మెషీన్ చూపించే ఒత్తిడి) వారం వారం పెరుగుతూ పోవడం, సూదులు తీశాక రక్తం ఆగడానికి పట్టే సమయం పెరగడం, చేయి లేదా ముఖం వాయడం, భుజం మీద, ఛాతీ మీద కొత్తగా నీలి సిరలు తేలడం ఇరుకు పైన, భుజం వైపున ఉందని చెబుతాయి. సూది సిర గోడను పీల్చుకుని రక్తం సరిగా రాకపోవడం, అదురు బలహీనపడి సిర చప్పగా ఉండటం ఇరుకు కింద, ధమని వైపున ఉందని చెబుతాయి. మెషీన్ నిమిషానికి 300 మిల్లీలీటర్లకు అటూ ఇటూగా రక్తం లాగుతుంది. ఫిస్టులాలో పారే రక్తం దాదాపు అంతకే పడిపోతే, శుద్ధి చేసిన రక్తమే తిరిగి మెషీన్‌లోకి వస్తుంది. నాలుగు గంటలు కూర్చున్నా డయాలసిస్ సరిగా జరగదు. యూరియా తగ్గుదల అంకెలు కారణం లేకుండా పడిపోతే డయలైజర్‌ను (రక్తాన్ని వడపోసే ఫిల్టర్‌ను) తప్పుపట్టే ముందు చేతిని చూడాలి.

ఇలాంటి గుర్తులు ఉన్నప్పుడే డాప్లర్ స్కానింగ్, ఆ తర్వాత అవసరమైతే ఫిస్టులోగ్రామ్ (సిర కనిపించేలా రంగు మందు ఇచ్చి తీసే ఎక్స్‌రే) చేయిస్తారు. సిర వ్యాసం సగానికంటే ఎక్కువ తగ్గి ఉండి, దానితో పాటు పైన చెప్పిన ఇబ్బందులలో ఏదో ఒకటి కూడా ఉంటేనే చికిత్స అవసరం. డయాలసిస్ హాయిగా సాగుతున్న మనిషికి కేవలం స్కానింగ్‌లో ఇరుకు కనిపించిందన్న కారణంతో బెలూన్ గానీ స్టెంట్ గానీ వేయడం మంచి పద్ధతి కాదు. సిరను కదిపిన ప్రతిసారీ లోపలి పొర మళ్లీ పెరగడానికి మరో కారణం దొరుకుతుంది.

తొడుగు చేసే పని

మామూలు స్టెంట్ నిటినాల్ అనే నికెల్, టైటానియం మిశ్రమలోహంతో అల్లిన జాలీ. జాలీ కళ్లలోంచి సిర పొర లోపలికి చొచ్చుకువచ్చి మళ్లీ దారిని మూసేస్తుంది. అందుకే డయాలసిస్ చేతి సిరల్లో తొడుగు లేని స్టెంట్లను వీలైనంతవరకు వాడవద్దని 2019 నాటి కేడోకీ (అమెరికా నేషనల్ కిడ్నీ ఫౌండేషన్) మార్గదర్శకాలు సూచించాయి. కవర్డ్ స్టెంట్‌లో ఆ జాలీకి పీటీఎఫ్ఈ పొర తొడిగి ఉంటుంది. సిర గోడకూ పారే రక్తానికీ మధ్య అది గోడలా నిలబడుతుంది. నడిమి భాగంలో పొర పెరగడానికి సందు ఉండదు. పెరిగితే రెండు చివర్లలో పెరగాలి. స్టెంట్ వేశాక నెలల తర్వాత మళ్లీ ఇబ్బంది వచ్చినప్పుడు వైద్యులు మొదట ఆ అంచులనే చూడటానికి కారణం ఇదే.

దీని ఫలితం గురించి ఆసుపత్రుల్లో వినిపించే మాటలు కొంత ఎక్కువగానూ, కొంత తక్కువగానూ ఉంటాయి కాబట్టి అంకెలు చూడటం మేలు. గ్రాఫ్ట్ సిరతో కలిసే చోట ఇరుకు ఉన్న 190 మందిపై చేసిన అధ్యయనం 2010లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడింది. ఆరు నెలల తర్వాత చికిత్స చేసిన చోటు తెరిచే ఉన్నవారు బెలూన్ ఒక్కటే వాడిన వర్గంలో 23 శాతం, కవర్డ్ స్టెంట్ వేసిన వర్గంలో 51 శాతం. ధమని నుంచి గుండె వరకు ఉన్న మొత్తం దారిని లెక్కలోకి తీసుకుంటే మాత్రం ఆ అంకెలు 20, 38 శాతాలకు దిగాయి. అంటే స్టెంట్ తాను ఉన్న చోటును కాపాడుతుంది. అదే చేతిలో ఇంకొకచోట రాబోయే ఇరుకును ఆపలేదు. ఇక మళ్లీ చికిత్సే అక్కర్లేదని ఎవరైనా చెబితే నమ్మవలసిన పని లేదు. తరచూ బెలూన్ చేయించుకునే అవసరం తగ్గుతుందనుకోవడం సబబు.

ఏ చోట్లకు తగినది

మొదటిసారి వచ్చిన ఇరుకుకు సాధారణంగా బెలూన్ చాలు. ఆరు నెలలకు పైగా హాయిగా గడిస్తే, మళ్లీ వచ్చినప్పుడు కూడా బెలూన్‌తోనే సరిపెట్టవచ్చు. రెండు మూడు నెలలకే అదే చోట ఇరుకు తిరిగి వస్తున్నా, బెలూన్ తీసిన కొన్ని నిమిషాల్లోనే సిర రబ్బరులా మళ్లీ ముడుచుకుపోతున్నా కవర్డ్ స్టెంట్ మాట తీయాలి. గ్రాఫ్ట్ సిరతో కలిసే చోటు, భుజం దగ్గరి సిర వంపు, ఇదివరకే వేసిన స్టెంట్ లోపల మళ్లీ మూసుకుపోయిన చోటు దీనికి బాగా తగిన మూడు స్థానాలు.

అత్యవసరంగా వాడే సందర్భమూ ఒకటుంది. బెలూన్ ఒత్తిడికి సిర చిట్లి రక్తం చర్మం కిందికి పొంగుతుంటే, మొదట అదే బెలూన్‌ను ఆ చోట తక్కువ ఒత్తిడితో ఉబ్బించి కొన్ని నిమిషాలు అడ్డుపెడతారు. అప్పటికీ ఆగకపోతే కవర్డ్ స్టెంట్ వేసి చిల్లును లోపలి నుంచి మూసేస్తారు. ఇలాంటప్పుడు చర్చకు సమయం ఉండదు. అందువల్ల బెలూన్‌కు సమ్మతి పత్రం మీద సంతకం చేసేటప్పుడే, చిట్లితే స్టెంట్ వేయవలసి వస్తుందా, ఆ సైజు స్టెంట్ ఆసుపత్రిలో సిద్ధంగా ఉందా అని అడిగి పెట్టుకోవాలి.

ఏ చోట్ల వద్దనాలి

నా దృష్టిలో మొత్తం విషయంలో అన్నింటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే: రేపు సూది ఎక్కడ గుచ్చుతారు? చేతి మీద సూదికి పనికివచ్చే సిర మహా అయితే జానెడు ఉంటుంది. అందులో అయిదారు సెంటీమీటర్ల స్టెంట్ కూర్చుంటే మిగిలేది రెండు సూదులకు చాలదు. స్టెంట్ మీద పదేపదే గుచ్చితే తొడుగు చిరుగుతుంది, లోపలి తీగలు విరిగి చర్మంలోంచి పొడుచుకు రావచ్చు, ఇన్ఫెక్షన్ చేరితే ఆపరేషన్ చేసి మొత్తం తీసేయవలసి వస్తుంది. సూది గుచ్చే భాగంలో సిర బుడగలా ఉబ్బి చిట్లే స్థితిలో ఉండి, ఆపరేషన్‌కు వీలు లేనప్పుడు కొందరు వైద్యులు ఆ చోటే స్టెంట్ వేస్తారు. అది తప్పనిసరి పరిస్థితుల్లో చేసే పని. అలా చేసినప్పుడు ఎక్కడ గుచ్చకూడదో టెక్నీషియన్‌కు రాతపూర్వకంగా తెలియాలి.

చర్మం ఎర్రబడి, వేడిగా, చీము పట్టి ఉన్న చేతిలో స్టెంట్ వేయకూడదు. మోచేతి మడత మీదుగా వేస్తే వంచినప్పుడల్లా నలుగుతుంది. కొన్ని రకాలు వంగడానికి అనువుగా తయారైనా, వీలైతే ఆ చోటు తప్పించడమే మంచిది. మెడ కింద అడ్డంగా ఉండే ఎముకకూ (కాలర్ బోన్) మొదటి పక్కటెముకకూ మధ్యనున్న సందులో వేసిన స్టెంట్ కాలక్రమంలో ఆ రెండు ఎముకల ఒత్తిడికి నలిగి విరగవచ్చు. మణికట్టు ఫిస్టులాలో ధమనికి దగ్గరగా వచ్చే ఇరుకుకు బెలూన్, లేదా కాస్త పైన కొత్తగా కలిపే చిన్న ఆపరేషన్ ఎక్కువ నమ్మకమైన మార్గాలు.

పక్క సిరల సంగతి రోగులకు ఎవరూ విడమరిచి చెప్పరు. భుజం వంపులో వేసిన స్టెంట్ లోతు సిరలోకి ఎక్కువగా జారితే, చంక వైపు నుంచి వచ్చే పెద్ద సిర నోటిని అది మూసేస్తుంది. ఈ ఫిస్టులా పోయాక అదే చేతిలో రెండో ఫిస్టులా పెట్టడానికి ఉపయోగపడవలసిన దారి అది. అలాగే ఛాతీ సిరలో వేసే స్టెంట్ మెడ సిర నోటికి అడ్డురాకుండా చూడాలి. నలభై ఏళ్ల వయసులో డయాలసిస్ మొదలైన మనిషికి ముందున్న ఏళ్లకు ఎన్ని దారులు మిగిలాయో లెక్క వేసుకోకుండా, ఇవాళ్టి ఇరుకు ఒక్కటే చూసి స్టెంట్ వేస్తే తర్వాత చాలా నష్టం. దీని తర్వాత నా తదుపరి ఫిస్టులా ఎక్కడ పెడతారు అన్న ప్రశ్నకు జవాబు దొరికాకే సంతకం చేయండి.

ప్రక్రియకు ముందు

చివరిసారి డయాలసిస్ ఎప్పుడైంది, పొటాషియం ఎంత ఉంది అన్నవి మొదట చూస్తారు. రెండు డయాలసిస్‌లు తప్పి, పొటాషియం పెరిగి ఉన్న మనిషిని ఈ ప్రక్రియ చేసే గది (కాథ్‌ల్యాబ్) బల్ల మీద పడుకోబెట్టడం ప్రమాదకరం. రక్తం పలచబడే మందులు, షుగర్ మందులు ఏవి ఆపాలో, ఏవి వేసుకోవాలో ముందురోజే అడగండి. రంగు మందు పడనివారు, హెపారిన్ వల్ల ఇదివరకు ప్లేట్‌లెట్లు పడిపోయినవారు, నికెల్ నగలు పెట్టుకుంటే చర్మం పొక్కేవారు ఆ సంగతి తప్పక చెప్పాలి. కొన్ని కవర్డ్ స్టెంట్ల లోపలి పొరకు హెపారిన్ అంటించి ఉంటుంది. ఇంకా కొంత మూత్రం వస్తున్నవారు అది కూడా చెప్పాలి, మిగిలిన ఆ కాస్త కిడ్నీ పనిని కాపాడటానికి రంగు మందు వీలైనంత తక్కువ వాడతారు.

ఖర్చు విషయంలో మొహమాటం పనికిరాదు. బెలూన్‌కు ఒక లెక్క, స్టెంట్‌కు మరో లెక్క ఉంటుంది. స్టెంట్ ధరే బిల్లులో పెద్ద భాగం. ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద చేయించుకునేవారు, ప్యాకేజీలో స్టెంట్ ధర కలిసి ఉందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగాలి. ప్రైవేటు బీమా ఉన్నవారు స్టెంట్ రకం, సైజు పేర్కొన్న అంచనా పత్రం తీసుకుని అనుమతి తెచ్చుకోవాలి.

బల్ల మీద జరిగేది

చాలామందికి పూర్తి మత్తు అవసరం ఉండదు. సూది గుచ్చే చోట తిమ్మిరి మందు ఇచ్చి, ఫిస్టులాలోకి చిన్న గొట్టం పెట్టి, దాని గుండా సన్నని తీగను ఇరుకు దాటిస్తారు. రంగు మందు ఇచ్చి ఎక్స్‌రే తెర మీద దారంతా, అంటే ధమని కలిసే చోటి నుంచి గుండె దాకా, చూస్తారు. ఒక చోటే చూసి ఆగితే రెండో ఇరుకు దాగిపోతుంది.

తర్వాత బెలూన్. కారు టైరులో గాలి ఒత్తిడి సుమారు రెండు అట్మాస్ఫియర్లు; ఇక్కడ వాడే బెలూన్లు 20 అట్మాస్ఫియర్లు దాటి కూడా ఉబ్బుతాయి. ఆ కొన్ని క్షణాల్లో చేతిలో గట్టిగా పిండినట్టు నొప్పి వస్తుంది; ఆ సంగతి ముందే తెలిస్తే భయం తగ్గుతుంది. తెర మీద బెలూన్ నడుము దగ్గర డమరుకంలా నొక్కుకుపోయి కనిపించిన చోటు పూర్తిగా విచ్చుకునే వరకు ఒత్తిడి పెంచుతారు. ఇది తప్పించకూడని మెట్టు, ఎందుకంటే బెలూన్ తెరవలేని ఇరుకును స్టెంట్ కూడా తెరవలేదు. తెరుచుకోని చోట వేసిన స్టెంట్ నడుము నొక్కుకుపోయి జీవితాంతం అలాగే ఉండిపోతుంది.

సైజు ఎంపికలో వైద్యుని అనుభవం తెలిసిపోతుంది. ఇరుకుకు పక్కనున్న ఆరోగ్యకరమైన సిరను కొలిచి, దానికంటే సుమారు ఒక మిల్లీమీటర్ పెద్దది తీసుకుంటారు. చేతి సిరల్లో 6 నుంచి 10 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్నవి ఎక్కువగా వాడతారు. చిన్నదైతే రక్త వేగానికి జారి గుండె వైపు కొట్టుకుపోవచ్చు. మరీ పెద్దదైతే తొడుగు లోపల మడతలు పడతాయి, అంచుల్లో సిర రాపిడికి గురై త్వరగా ఇరుకవుతుంది. పొడవు ఇరుకును పూర్తిగా కప్పి రెండు వైపులా మంచి సిరలోకి కాస్త వెళ్లేలా ఉంటే చాలు. స్టెంట్ వదిలాక లోపల మళ్లీ బెలూన్ ఉబ్బించి గోడకు హత్తుకునేలా చేస్తారు. చివరి చిత్రం తీశాక, వేళ్లతో ఫిస్టులాను తాకి అదురు తిరిగి వచ్చిందో లేదో చూడటం మంచి వైద్యుల అలవాటు. తెర మీద అంతా బాగున్నా చేతిలో నాడి ఇంకా ఎగిరి కొడుతుంటే పని పూర్తి కానట్టే.

ఇంటికి వచ్చాక

గొట్టం తీసిన చోట ఒక కుట్టు ఉంటుంది. అది ఎప్పుడు తీయాలో డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి. స్టెంట్‌తో ఇచ్చే కార్డును డయాలసిస్ ఫైలులో భద్రపరచండి, ఎంఆర్ఐ చేయవలసి వచ్చినప్పుడు ఆ కార్డే అడుగుతారు. అదే ఫైలులో ఒక కాగితం మీద చేతి బొమ్మ గీయించి, స్టెంట్ ఎక్కడి నుంచి ఎక్కడి వరకు ఉందో మోచేతి మడత నుంచి సెంటీమీటర్లలో రాయించుకుంటే, షిఫ్టు మారి కొత్త టెక్నీషియన్ వచ్చినా పొరపాటు జరగదు. బొమ్మ ఉన్నా లేకున్నా, సూది పట్టుకున్న మనిషికి ఇక్కడ స్టెంట్ ఉంది అని మొదటి రోజుల్లో ప్రతిసారీ నోటితో చెప్పడం మంచిది.

చాలాసార్లు అదే రోజు లేదా మరునాడు ఫిస్టులాతోనే డయాలసిస్ చేయవచ్చు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి మందులు ఎన్నాళ్లు వాడాలన్నది ఒక్కో వైద్యుడు ఒక్కోలా నిర్ణయిస్తారు. మీ చీటీలో రాసినంత కాలం వాడండి, మధ్యలో పళ్లు పీకించుకోవలసి వస్తే సొంతంగా ఆపకండి. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకూడదు. బిగుతు గాజులు, గడియారం, నోముల్లో కట్టుకునే తోరం కూడా ఆ మణికట్టుకు వద్దు. తలకింద ఆ చేయి పెట్టుకుని నిద్రపోకూడదు. డయాలసిస్‌లో బీపీ బాగా పడిపోయిన రోజు ఫిస్టులా గడ్డకట్టే అవకాశం ఎక్కువ కాబట్టి, ఆ రోజు పడుకునే ముందు మరోసారి వేళ్లు ఆనించి చూడండి.

సూది పోటు నుంచి ఇంట్లో హఠాత్తుగా రక్తం చిమ్మితే తువ్వాళ్లు చుట్టుకుంటూ కూర్చోవద్దు. చిమ్ముతున్న ఆ ఒక్క బిందువు మీద, మడిచిన చిన్న గుడ్డ పెట్టి వేలితో గట్టిగా నొక్కి, చేతిని పైకెత్తి, 108కి ఫోన్ చేయించండి. స్టెంట్ ఉన్న చోట చర్మం ఎర్రబడి నొప్పి, జ్వరం, డయాలసిస్ సమయంలో చలి వణుకు వస్తే ఆ రోజే చూపించుకోవాలి.

అదురు పూర్తిగా ఆగిపోతే మరునాటి డయాలసిస్ దాకా ఆగకూడదు. స్టెంట్ లోపల కట్టిన గడ్డ తాజాగా ఉన్నప్పుడు తీయడం సులువు; ఆలస్యమైన కొద్దీ అది గోడకు అంటుకుపోతుంది. చాలా చోట్ల ఇలాంటి సందర్భంలో ముందు మెడలో పైపు వేసి, ఫిస్టులా సంగతి తర్వాత చూద్దామంటారు. పొటాషియం బాగా పెరిగినా, ఊపిరి ఆడకపోయినా పైపు తప్పదు. ఆ ప్రమాదం లేనప్పుడు మాత్రం, గడ్డ తీసే వీలు ఈ రోజు, లేదంటే రేపు, ఇక్కడ ఉందా, లేకపోతే ఎక్కడ ఉంది అని పైపుకు ఒప్పుకునే ముందే అడగండి.